ఒకే బల్లమీద

'పబ్బు' అంటే పబ్లిక్ హౌస్, ప్రజల యిల్లు. ఇంగ్లండు పల్లెల పబ్బును గురించి చదివినప్పుడల్లా మా వేమూరు ప్రాంతపు కల్లుపాక నా మనసులో మెదులుతుంది. 1946లో జార్జి ఆర్వెల్ తనకు నచ్చిన పబ్బును వర్ణించి, అటువంటిది లేనేలేదని చివర తేల్చాడు. బీరుకంటె ముందు ఆయన మెచ్చినది అక్కడి వాతావరణాన్ని: మాట వినిపించేంత నిశ్శబ్దం, తెలిసిన ముఖాలు.

మన కల్లుపాక ఆకర్షణా అదే. గీత కార్మికుడు మోకు వేసుకుని తాడెక్కి పొద్దుటే దించిన కల్లు తియ్యగా వుంటుంది, పొద్దెక్కినకొద్దీ పులుస్తుంది. ముంత కల్లూ, కాల్చిన యెండుచేపా ముందు పెట్టుకుని కూలీలు కూలి రేట్లు తేల్చుకోవటం నేను విన్నాను.

అయితే ఆ బల్లమీద కూర్చునేదెవరు? ఇంగ్లండు పబ్బులో చాలాకాలం కూలివానికి చవక గది, పెద్దమనిషికి తివాసీ గది వేరుగా వుండేవి. మనకు కులమే గోడ. మా పొరుగున చుండూరులో 1991 ఆగస్టు 6న యెనిమిదిమంది దళితులను చంపారు. సినిమాహాలులో కాలు తగిలిందన్న తగవుతో అది రగిలింది. టిక్కెట్టు కొన్నా పక్కన కూర్చునే హక్కు రాలేదన్నమాట!

మరి స్త్రీలు? మగవాని తాగుడుకు ఖరీదు ఆమె పస్తులతో చెల్లించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్ గ్రామస్థులు 2003లో తమ పబ్బును సహకార సంఘంగా కొనుక్కున్నారు. మెచ్చదగిన పనే. మనకు మాత్రం ఉమ్మడి ఆస్తికంటె ముందు ఉమ్మడి బల్ల కావాలి. కల్లుపాకైనా, టీకొట్టయినా, గ్రంథాలయమైనా, కూలీ, దళితుడూ, స్త్రీ సమానంగా కూర్చుని మాట్లాడగలిగితేనే అది ప్రజల యిల్లు.