తాత చద్దరు మిషన్‌లో ఇరుక్కున్న రోజు

నూలి పున్నమికి ఇంకా రెండే రోజులు. సోలాపూర్‌లో మన పద్మశాలి ఇళ్లల్లో ఆ వారం ఎట్లుంటదో వేరే చెప్పనక్కర్లేదు. మార్కండేయ స్వామి రథం చూడ్డానికి చుట్టాలు దిగుతారు, ఇంట్లో ఉన్న పరుపు గుడ్డలన్నీ ఉతకాలి. ఆ ఉతుకుడులోనే మేం ఒక తప్పు చేశాం. నాయనమ్మకు చెప్పకుండా తాత చద్దరును మిషన్‌లో వేశాం.

అది కొన్న చద్దరు కాదు. తాత సాంచ మీద నేసింది. ఆయన ఆసామి కాదు, కార్ఖానాలో రాత్రి పాళీ పనివాడు. ఎర్ర అంచు, తెల్లటి నేల, నాలుగు మూలలా నెమళ్లు. నాయనమ్మ దాన్ని ఏళ్ల తరబడి చేత్తోనే ఉతికింది. ఇప్పుడు మోకాళ్లు వంగవు. అయినా "మిషన్ల ఎయ్యకుండ్రి" అనే మాట మాత్రం మారలేదు. మేమే తెలివిమీరి, ఆమె మధ్యాహ్నం నిద్రపోయాక వేసేశాం.

గంట దాటినా మిషన్ పాట పాడలేదు. వెళ్లి చూస్తే పన్నెండు నిమిషాల దగ్గర అంకె ఆగిపోయి ఉంది. అద్దంలోంచి చూస్తే సగం దాకా నీళ్లు, అందులో చద్దరు. ఆ నీళ్లు లేత గులాబీ రంగులో ఉన్నాయి. అప్పుడు భయమేసింది. ఎర్ర అంచు రంగు దిగుతోంది, పక్కనే తెల్ల నేల నానుతోంది. తలుపు రాదు.

సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తే రేపు సాయంత్రం మనిషిని పంపుతామన్నారు. రేపటిదాకా నానితే నెమళ్లు మిగలవు. తమ్ముడు హ్యాండిల్ పట్టుకుని గట్టిగా గుంజాడు. ప్లాస్టిక్ కిర్రుమంది. ఆ చప్పుడుకు నాయనమ్మ లేచి వచ్చింది, అద్దంలోకి తొంగి చూసింది. తిడుతుందనుకున్నాం.

"గుంజకు బిడ్డా. ఎందుకు ఆగిందో సూడుండ్రి ముందుగాల" అని స్టూలు లాక్కుని కూర్చుంది.

పేక పోగు తెగితే సాంచ తనంతట తానే ఆగుతుంది కదా. ఆగిన సాంచను ఎవరూ తన్నరు, తెగిన పోగు ఎక్కడుందో వెతుకుతారు. తాత ఇంట్లో ఫ్యాన్ ఆగినా అదే చేసేవాడట.

అట్లా వెతకడం మొదలుపెట్టాం. చైల్డ్ లాక్ పడిందేమో చూశాం, పడలేదు. ప్లగ్గు తీసి పది నిమిషాలు ఆగాం. ఇట్లాంటి చాలా మిషన్లలో తాళం దగ్గర వేడెక్కితే వంగే చిన్న లోహపు పట్టీ ఉంటుంది, కరెంటు తీసి అది చల్లబడేదాకా ఆగితే తాళం వదులుతుంది. అందుకే ఉతకడం అయ్యాక కూడా తలుపు ఒకట్రెండు నిమిషాలు రాదు. మాది పది నిమిషాలైనా రాలేదు. రాకపోవడమే మంచిదైంది. అంత నీళ్లుండగా వచ్చుంటే గది అంతా చెరువే.

అంటే నీళ్లు బయటకు పోవట్లేదు. మిషన్ కింద కుడిమూల చిన్న మూత ఉంటుంది, ఏళ్లయినా మేం తెరవలేదు. లోపల ఒక సన్నటి గొట్టం, దాని పక్కన తిప్పి తీసే ఫిల్టరు. గొట్టం బిరడా తీసి నీళ్లు వదలాలి. బకెట్ ఆ ఎత్తుకు పట్టదు. చపాతీల పిండి కలిపే పరాత్ పెట్టాం. అది నిండగానే బిరడా పెట్టడం, పారబోయడం, మళ్లీ పెట్టడం. పారబోయడం అంటే మోరీలో కాదు. మా ఊళ్లో నళ్ రోజూ రాదు, సబ్బు నీళ్లయినా సరే డ్రమ్ములో పోసి సండాసుకు వాడతాం. పదిహేడు పరాత్‌లు లెక్కపెట్టింది వదిన. వేడినీళ్లతో ఉతికి ఉంటే చల్లారేదాకా ఆగాల్సింది, మాది చన్నీళ్లే.

తర్వాత ఫిల్టరు తిప్పాం. ఒక రూపాయి బిళ్ల, రెండు పిన్నీసులు, వాటి చుట్టూ పిడికెడు నూలు ముద్ద. నాయనమ్మ దాన్ని వేళ్లతో విప్పి చూసింది. "ఇది కుచ్చుల నూలు. మన చద్దరుదే" అంది. చద్దరు కొసల ముడులు పాతబడి ఊడి, పోగులు ఒక్కొక్కటీ వెళ్లి పంపు ముందు చేరాయి. కార్ఖానా నుంచి వచ్చిన తాత తల కూడా ఇట్లాగే ఉండేదట, తెల్లారి చూస్తే ముసలాడైనట్టు.

ఫిల్టరు కడిగి బిగించి, వట్టి స్పిన్ పెట్టాం. చద్దరు ఒక్కటే ఒక పక్కకు ముద్దగా చేరింది కాబట్టి రెండుసార్లు తిరగబోయి ఆగింది. మూడోసారికి మాత్రం తిరిగింది. ఆగాక అందరం నోరు మూసుకుని నిలబడ్డాం. టిక్ అని వినబడింది. తమ్ముడు ముట్టుకోలేదు, వదిన తెరిచింది.

బయట శ్రావణపు జల్లు. హాల్లోనే ఫ్యాన్ కింద రెండు కుర్చీల మీద పరిచాం. మూడు నెమళ్లు బాగానే ఉన్నాయి. నాలుగోదాని మెడ దగ్గర తెల్ల నేల కొంచెం గులాబీగా మారింది. మేం ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాం. నాయనమ్మ అక్కడ బొటనవేలితో రెండుసార్లు రుద్దింది.

"దీనికి సిగ్గైనట్టుంది" అంది.

రాత్రి దాకా చద్దరు ఆరలేదు. తడి కొసలే ఒళ్లో వేసుకుని, ఊడిన కుచ్చులకు మళ్లీ ముడులు వేస్తూ కూర్చుంది. సూది అక్కర్లేదంది, కొంచెం తెల్ల నూలు మాత్రం అడిగింది. ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. తమ్ముడు గొడుగేసుకుని పక్క గల్లీలో ఇంకా ఆడుతున్న సాంచల దగ్గరికి పోయి ఒక కండె అడిగి తెచ్చాడు.