ఎడ్లకు పళ్ళు, పడవలకు చాపలు

మా ముద్దనూరు వైపు తెరచాప పడవ అంటే పిల్లల వాచకంలో బొమ్మే. నాపరాళ్ళు, వేడిగాలి, పెన్నలో ఇసుక - ఇవి మా సంపద. అయినా పందెం సంగతి మాకెవరూ చెప్పనక్కరలేదు. తిరునాళ్ళలో బండలాగుడు పోటీకి వచ్చిన ఎద్దు నోరు తెరిచి ముందు పళ్ళు చూస్తారు. పాలపళ్ళవి ఒక విభాగం; రెండు, నాలుగు, ఆరు పళ్ళవి వేరు వేరు; ముదురెడ్లవి మరొకటి. పాలపళ్ళ కోడెను ముదురెద్దు మీద ఓడిస్తే అది పందెమా, అన్యాయమా?

ఈ పాండిత్యంతోనే ఒక జూలై ఆదివారం హుస్సేన్ సాగర్ గట్టున నిలబడ్డాను. ఇబ్రహీం కుతుబ్ షా కాలపు ఆ చెరువు మీద వానకారు గాలికి తెల్లని తెరచాపలు వాలుతూ లేస్తూ సాగుతున్నాయి. మొదట అన్నీ ఒకే పందెం అనుకునేరు సుమా! పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవ. ఆ పైన లేజర్. 2019 నుంచి దీనికి ఐ.ఎల్.సి.ఎ. అని పేరు. దీనిలో చమత్కారం చూడండి: పడవ ఒక్కటే, చాపలు మూడు. తేలికవారికి 4.7 చదరపు మీటర్ల చాప, బరువైనవారికి సుమారు 7 చదరపు మీటర్లది, నడుమ ఇంకొకటి. ఏ తరగతి లెక్క ఆ తరగతిదే.

గట్టెక్కిన ఒక బక్కపలచని పిల్లను పలకరించాను. సర్కారు బడిలో చదువుతున్నదట.

"ఎన్నోదానివి వచ్చావమ్మా?"

"మా తరగతిలో నాలుగు సార్. పెద్ద చాపలవాళ్ళతో మాకు లెక్క లేదు."

ఆ మాటలో చిన్నతనం లేదు, ధీమా ఉన్నది. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థలు పేదపిల్లలకు కూడా ఈ విద్య నేర్పుతూ వచ్చాయి.

మహాసముద్రంలోనూ ఇదే నీతి. కేనరీ దీవుల నుంచి అట్లాంటిక్ దాటే సామూహిక నౌకాయాత్ర 1986లో మొదలైంది. 1990 నుంచి దాని గమ్యం సెయింట్ లూషియా. దూరం సుమారు 2,700 నాటికల్ మైళ్ళు. పందెపు విభాగంవారు ఇంజను సాయంతో ముందుకు సాగరాదు. కుటుంబాలతో సాగే విహార విభాగంవారు ఇంజను వాడవచ్చు. కాని ఎన్ని గంటలు వాడారో నిజాయితీగా రాసివ్వాలి, దానికి తగ్గట్టు కాలం కలుపుతారు. పడవలు ఒక్కతీరువి కావు గనుక వాటి శక్తిని బట్టి సమయాన్ని దిద్ది విజేతను తేలుస్తారు. అందుచేత ముందు చేరినవాడే గెలిచినవాడని చెప్పలేము!

ఇప్పుడు మా పొరుగున గండికోట జలాశయం ఉన్నది. 26.85 టీఎంసీలు పట్టే ఆ నీటి అడుగున, 2020లో మునిగిన తాళ్ళప్రొద్దుటూరు ఉన్నది. ఊరు విడిచినవారి పిల్లలకు అది వట్టి నీరు కాదు, తమ వీధులు. ఆ నీటిమీద ఎన్నడైనా తెరచాప లేచేటట్లయితే, డబ్బున్నవారి పడవలకంటె ముందు ఆ పిల్లలకొక తరగతి ఏర్పడాలి. సరితూకం చూచి పందెం కట్టడం మా సీమకు కొత్త విద్య కాదు గదా!