టామీకీ ఓ గది కావాలి!

తుళ్లూరు నుంచి నాసిక్ ద్రాక్షతోటలకు దాదాపు వెయ్యి కిలోమీటర్లు. దారి బాగానే ఉంటుంది. కుక్కతో సహా రాత్రి తలదాచుకునే చోటు వెతుక్కోవడమే అసలు పని!

బట్టలు సర్దడం అయిపోయింది. కారు టైర్లలో గాలి చూసుకున్నారు. పాలవాడికీ పేపరు కుర్రాడికీ వారంపాటు రావద్దని చెప్పారు. గ్యాసు కట్టేశారు. తీరా తాళంకప్ప చేతిలోకి తీసుకున్నాక గడపలో కూర్చుని తోకాడిస్తూ కనిపిస్తుంది... టామీ!

'దీన్నేం చేద్దామండీ?' అంటుంది ఇల్లాలు. ఆయన దగ్గర జవాబుండదు.

ఒకప్పుడు తుళ్లూరులో ఈ ప్రశ్నే పుట్టేది కాదు. కుక్క ఇంటికెంతో పొలానికీ అంతే. కల్లంలో మిరపకాయలు ఎండుతున్నన్నాళ్లూ రైతు అక్కడే నులకమంచం వేసుకునేవాడు. మంచం కింద కుక్క. అర్ధరాత్రి ఆకు కదిలినా ముందు లేచేది అదే. యజమాని కుటుంబంతో తిరుపతి వెళ్లినా, శ్రీశైలం వెళ్లినా దానికింత చద్దన్నం ముద్ద పెట్టే చెయ్యి ఏదో ఒకటి ఉండేది. పాలేరో, పక్కింటి అత్తయ్యో, పాలు పిండటానికి వచ్చిన మనిషో. దానికంటూ వసతి వెతకాల్సిన పని లేదు. గొడ్లచావిడి ఉందిగా!

రాజధాని కోసం 2015లో భూసమీకరణ మొదలయ్యాక ఆ లెక్క తప్పింది. 29 గ్రామాల పరిధిలో రైతులు ఇచ్చిన భూమి 33 వేల ఎకరాల పైమాటే. పత్తీ మిరపా పండిన చేలల్లో చాలావరకు సాగు ఆగింది. చేలే లేనప్పుడు గొడ్లెందుకు? గొడ్లు లేనప్పుడు చావిడెందుకు? పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో. పనికొచ్చే మనుషులు పని ఉన్న ఊళ్లకు పోయారు. మిగిలింది ఇద్దరు పెద్దవాళ్లు, ఓ కుక్క. ఎక్కడికైనా వెళ్లాలంటే ముగ్గురూ వెళ్లాలి, లేదా ముగ్గురూ మానుకోవాలి.

మానుకునేవాళ్లే ఎక్కువ. ఒకరు వెళ్లి, ఒకరు ఇంట్లో ఉండిపోవడమూ మామూలే. బంధువుల పెళ్లికి ఆయన వెళితే ఆవిడ ఆగిపోతుంది. ఆవిడ చెల్లెలింటికి వెళితే ఆయన కాపలా. కలిసి ఊరు దాటక ఏళ్లు గడిచిపోతుంటాయి.

కోతల కాలం

నాసిక్‌లో ద్రాక్ష కోతలు జనవరి నుంచి మార్చి దాకా సాగుతాయి. తోటలు చూడాలంటే అదే అదను. పగలు ఎండ తేలిగ్గా, రాత్రి చలి గట్టిగా ఉంటుంది. గుంటూరు జిల్లాలో మిరప కోతలూ ఆ రోజుల్లోనే! కాయ కల్లంలో ఉండగా రైతు ఊరు దాటడం ఎవరైనా విన్నారా? పొలం ఉన్నన్నాళ్లూ సంక్రాంతి నుంచి ఉగాది దాకా తీరికన్నదే ఎరగని మనుషులకు ఇప్పుడు సరిగ్గా ఆ నెలల్లోనే తీరిక. అది కొందరికి హాయి. కొందరికి కాళ్లూ చేతులూ కట్టేసినట్టుంటుంది. అలాంటివాళ్లకు వరసగా తీగలు కట్టిన తోటల మధ్య నాలుగు రోజులు నడిచి రావడం మంచి మందు. రైతు కదా, తోటకు డ్రిప్ ఎలా వేశారో చూడకుండా ఉండలేడు!

మన దగ్గర 'వైన్స్' అని బోర్డున్న కొట్లో బ్రాందీ, విస్కీ, బీరు అన్నీ ఉంటాయి. వైన్ అడిగితే మాత్రం కొట్టువాడు మొహం చూస్తాడు. కాబట్టి నాసిక్ 'వైన్ టూర్' అనగానే ఇంట్లో పెద్దావిడ నొసలు చిట్లించడంలో తప్పులేదు. అక్కడి సంగతి వేరు. స్టాన్‌ఫోర్డ్‌లో చదివి, అమెరికాలో ఒరాకిల్ ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ 1997లో అక్కడ వైన్ ద్రాక్ష నాటారు. 2000లో సులా పేరుతో తొలి వైన్ వచ్చింది. తర్వాత యార్క్, సోమా, వల్లోన్ లాంటివి వెలిశాయి. గంగాపూర్ జలాశయం పరిసరాల్లో తోటలూ, వాటిని ఆనుకుని బస చేసే చోట్లూ పెరిగాయి. ఆ జలాశయం గోదావరి మీదే. త్ర్యంబకంలో పుట్టిన నది అక్కడ ద్రాక్షకు నీళ్లిచ్చి, మన వైపు నడిచొస్తుంది. 2015 నుంచి పట్టిసీమ పుణ్యమా అని ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోనూ కలుస్తోంది. అంటే తుళ్లూరుకు ఆవలి ఒడ్డునే!

'పెట్స్ అలోడ్'... కానీ!

హోటల్ గదులు బుక్ చేసే యాప్‌లలో 'పెట్ ఫ్రెండ్లీ' అని ఒక గడి ఉంటుంది. అక్కడ నొక్కితే జాబితా వస్తుంది. దాన్ని నమ్ముకుని వెయ్యి కిలోమీటర్లు పోతే రాత్రి పదింటికి గేటు ముందు నిలబడాల్సి రావచ్చు. జాబితా చూశాక ఫోన్ తప్పదు. ఆ సంభాషణలు ఇంచుమించు ఇలా నడుస్తాయి.

'పెట్స్‌ని రానిస్తారా?'

'ఆ సార్, రానిస్తాం.'

'కుక్క ఉందండీ.'

'చిన్నదేనా సార్?'

'మోకాలెత్తు ఉంటుంది.'

'ఏ జాతి?'

'నాటుదండీ.'

అవతల కాసేపు నిశ్శబ్దం. 'మేనేజర్‌ని అడిగి చెబుతాను సార్.'

2003లో హచ్ ప్రకటనలో పిల్లాడి వెంట తిరిగిన పగ్ వచ్చాక మన ఇళ్లలో జాతి కుక్కల మోజు పెరిగింది. పామరేనియన్, పగ్, లాబ్రడార్ అంటే హోటలువాళ్లకూ పరిచయమే. నాటుకుక్క అనేసరికి వీధి గుర్తొస్తుంది. నిజానికి కల్లాల దగ్గర పెరిగిన కుక్కకు ఎండా, చలీ, కొత్త మనుషులూ కొత్తకాదు. కానీ ఆ మాట ఫోన్లో ఒప్పించడం కష్టం. అలాంటప్పుడు టీకాల కార్డు పనికొస్తుంది. రేబిస్ టీకా తేదీ, పశువైద్యుడి సంతకం ఉన్న పేజీని ఫొటో తీసి, పక్కనే టామీ బుద్ధిగా కూర్చున్న ఫొటో జతచేసి వాట్సప్‌లో పంపండి. నోటితో కాదన్నవాళ్లు కాగితం చూసి సరేనన్న సందర్భాలుంటాయి.

సరేనన్నాక ఇంకా అడగాలి. కుక్క గదిలోనే పడుకోవచ్చా, లేక రాత్రి బయట గొలుసు వేయాలా? గదిలో ఒంటరిగా ఉంచొచ్చా? భోజనాల దగ్గరకు రానిస్తారా? శుభ్రం చేసినందుకు విడిగా డబ్బు తీసుకుంటారా, ఎంత? ప్రహరీ ఉందా? తోటలో వాళ్ల కుక్కలున్నాయా? ఈ చివరిది చాలామంది మరిచిపోతారు. తోటకు కాపలా కుక్కలుండటం మామూలే. టామీ దిగేది వాటి ఊళ్లో! గదీ, తోటా, వైన్ రుచి చూసే హాలూ... మూడింటికీ నియమాలు మూడు రకాలుగా ఉండొచ్చు. గదికి ఒప్పుకున్నారు కదా అని హాలు దాకా వెళితే గుమ్మంలోనే ఆపొచ్చు. ఒప్పుకున్నవన్నీ ఒక్క మెసేజీలో రాయించుకోవడం మేలు. ఫోనెత్తిన కుర్రాడి డ్యూటీ మీరు చేరేసరికి మారిపోయి ఉంటుంది.

శని, ఆదివారాలు వద్దు. ముంబయి, పుణె జనమంతా అక్కడే ఉంటారు. 2008లో మొదలైన సులాఫెస్ట్ లాంటి పాటల వేడుకల రోజులైతే మరీను. స్పీకర్ల హోరుకు కుక్క మంచం కిందికి దూరితే బయటికి లాగలేరు. మంగళ, బుధవారాల్లో గదులు ఖాళీగా ఉంటాయి. ఖాళీ గదులున్న మేనేజర్ మనసు కాస్త మెత్తగా ఉంటుంది! పెద్ద హోటళ్ల కన్నా తోటల పక్కన సొంత ఇంట్లో రెండు గదులు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర మాట నెగ్గే అవకాశం ఎక్కువ. అక్కడ ఫోనెత్తేది యజమానే. అతనికీ ఓ కుక్క ఉంటుంది. మరాఠీలో కుత్రా, మనకు కుక్క. ఆ పాటి భాష చాలు.

రైలా? కారా?

షిర్డీ, నాగర్‌సోల్ వైపు రైళ్లు విజయవాడ మీదుగా ఉన్నాయి. కానీ స్లీపర్‌లో గానీ, టూ టైర్, త్రీ టైర్ ఏసీల్లో గానీ కుక్కను ఎక్కనివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తమో, నాలుగు బెర్తుల క్యాబిన్ మొత్తమో మన పేరునే ఉంటే పార్సిల్ ఆఫీసులో రుసుం కట్టి వెంట తీసుకెళ్లొచ్చు. ఫస్ట్ ఏసీ అన్ని రైళ్లకూ ఉండదు. లేదంటే గార్డు పెట్టెలోని ఇనప డబ్బా. రాత్రంతా అందులో చీకటి, చప్పుడు. కల్లంలో ఆరుబయట పెరిగిన ప్రాణిని అందులో పెట్టడానికి చేతులు రావు.

కాబట్టి కారే. మచిలీపట్నం నుంచి పుణె దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడలో ఎక్కితే హైదరాబాదు, జహీరాబాదు, హుమ్నాబాదు మీదుగా షోలాపూర్ దాకా అదే రోడ్డు. అక్కడ దాన్ని వదిలి అహల్యానగర్ (నిన్నమొన్నటి అహ్మద్‌నగర్), షిర్డీ మీదుగా నాసిక్. మనుషులైతే ఒక్క రాత్రి ఆగి వెళ్లిపోతారు. కుక్క ఉంటే రెండు రాత్రులు పెట్టుకోండి. రెండు, మూడు గంటలకోసారి దించి నడిపించాలి, నీళ్లు పెట్టాలి. బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టొద్దు, సీటు మీద కక్కేస్తుంది. టిఫిన్‌కు ఆగినప్పుడు కారులో వదిలి అద్దాలు బిగించడం మాత్రం ప్రాణం తీసే పని. బయట ముప్పై డిగ్రీలుంటే లోపల పది నిమిషాల్లో నలభైకి చేరుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు.

హైదరాబాదు దాటుతుంటే ఓ మాట గుర్తు చేసుకోవచ్చు. ఆ నగరం చుట్టుపక్కల కూడా ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవి. అనాబ్-ఎ-షాహీ రకానికి పెట్టింది పేరు. ఆ తోటలు ప్లాట్లయ్యాయి. తుళ్లూరు నుంచి వెళ్లేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

దేవుడి పటంలో ఉంది, గదిలోకి రాదు!

షిర్డీ మీదుగా వెళ్తూ బాబాను చూడకుండా వెళ్లే తెలుగు కుటుంబం ఉండదు. త్ర్యంబకేశ్వరుడు, పంచవటి కూడా తప్పవు. మహారాష్ట్రలో ఏ గోడ మీద చూసినా దేవుడి పక్కన కుక్క ఉంటుంది. దత్తాత్రేయుడి కాళ్ల దగ్గర నాలుగు, ఖండోబా వెంట ఒకటి, బాబా పటాల్లో ఒకటి. అయినా గుళ్లోకి కుక్కతో వెళ్లడం కుదరదు. ఒకరు దర్శనానికి, ఒకరు చెట్టు కింద గొలుసు పట్టుకుని. తర్వాత వంతు మార్చుకోవడమే. స్వర్గం గుమ్మంలో ఇంద్రుడు రథం తెచ్చి కుక్కను వదిలి రమ్మంటే ధర్మరాజు ఎక్కనన్నాడట. 'కుక్కలకు ప్రవేశం లేదు' అన్న మాట మీద వాదించిన తొలి యాత్రికుడు ఆయనే అయ్యుంటాడు!

ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద గండం గదిది కాదు. ద్రాక్షదే. ద్రాక్షపండు కుక్కకు విషం. అమెరికా పశువైద్యులు 2001 ప్రాంతంలో ఈ సంగతి గుర్తించి చెప్పారు. పండులోని టార్టారిక్ ఆమ్లం దీనికి కారణం కావచ్చని 2021లో తేలింది. ఒక కుక్క గుప్పెడు తిన్నా ఏమీ కాకపోవచ్చు, మరో కుక్కకు నాలుగు పళ్లతోనే కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఇంత వరకు పర్వాలేదు అనే కొలత లేదు. తింటే మొదట వాంతులు, తర్వాత నీరసం, రెండు మూడు రోజుల్లో మూత్రం ఆగిపోవడం. తిన్నదని అనుమానం వచ్చిన గంటలోనే డాక్టరు దగ్గర ఉండాలి. నాసిక్‌లో దిగగానే పశువైద్యుడి నంబరు ఫోన్లో పెట్టుకోవాల్సింది ఇందుకే. కోతల కాలంలో తీగల కింద రాలిన పళ్లుంటాయి, వైన్ తీశాక మిగిలిన పిప్పి కుప్పలుంటాయి, వాసన మహా కమ్మగా ఉంటుంది. తోటలో గొలుసు చేతిలోంచి జారకూడదు. ఎండుద్రాక్షా అంతే. చక్కెర పొంగలిలో కిస్‌మిస్, పాయసంలో కిస్‌మిస్, లడ్డూలో కిస్‌మిస్. గుడి బయట చెట్టు కింద కూర్చున్న టామీ మీద జాలిపడి ఎవరైనా ప్రసాదం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టక తప్పదు. ఆ మాట తెలియక ఇళ్లలో పండగపూట పాయసం గిన్నె కుక్క ముందు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు.

వైన్ రుచి చూసే దగ్గరా వంతులే. ఒకరు గ్లాసు పట్టుకుంటే ఒకరు గొలుసు పట్టుకోవాలి. గొలుసు పట్టుకున్నవారే కారూ నడపాలి. తుళ్లూరు పెద్దావిడలు ఈ పంపకాన్ని క్షణంలో తేల్చేస్తారు. 'మీరు కానివ్వండి, నేను తోట చూసొస్తా' అని టామీని తీసుకుని తీగల వరసల్లోకి వెళ్లిపోతారు. ఎకరానికి ఎన్ని మొక్కలు, ఏడాదికి ఎన్ని మందులు కొడతారు, కూలి ఎంత... వచ్చీరాని హిందీలో ఆ లెక్కలన్నీ తోటమాలి నుంచి రాబట్టుకుని మరీ తిరిగొస్తారు.

సామాన్లలో టీకాల కార్డు, నీళ్ల గిన్నె, రెండు రోజుల తిండితోపాటు అది ఇంట్లో పడుకునే గోనెపట్టా కూడా పెట్టుకోండి. ఉతక్కండి. కొత్త గదిలో కుక్క ముందు గోడలన్నీ వాసన చూస్తుంది. మంచం చుట్టూ రెండుసార్లు తిరుగుతుంది. గోనెపట్టాను మూలన పరిస్తే అక్కడ ఓ నిమిషం కూర్చుని లేస్తుంది. దీపం ఆర్పాక దాన్ని పళ్లతో పట్టి గుమ్మం దాకా ఈడ్చుకొస్తుంది. తలుపుకు అడ్డంగా, మొహం బయటివైపు పెట్టి పడుకుంటుంది.