కాగితాల్లో లేని తాతలు

మీ ఇంటిపేరేంటి?

ఈ ప్రశ్న దగ్గర నేను చిన్నప్పటి నుంచీ తడబడుతూనే ఉన్నాను. షేక్ అంటాను. అది ఇంటిపేరా అంటారు. బడి రికార్డులో షేక్. రేషన్ కార్డులో షైక్. బ్యాంకు పుస్తకంలో వట్టి ఎస్.కె. మూడూ నేనే. మూడూ నేనేనని ప్రతిసారీ రుజువు చేసుకోవాల్సిందీ నేనే.

అలాంటివాణ్ణి పోయి పోయి ఐర్లండు వాళ్ల వంశచరిత్రల సదస్సులో కూర్చున్నాను. మా చెల్లెలు డబ్లిన్‌లో నర్సు. తను అద్దెకుంటున్న ఇంటి పెద్దావిడ తన తాతల ఊరు వెతుక్కుంటోందట. "ఆన్‌లైన్లో రెండ్రోజులు మీటింగుంది భయ్యా. నువ్వూ చూడు, నీకు కాగితాల పిచ్చి కదా" అంది. పిచ్చి కాదు, భయం. ఆ సంగతి తనకీ తెలుసు.

శనివారం సాయంత్రం చాయ్ పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర నిండా తల నెరిసిన మనుషులు. ఒకరు ఆస్ట్రేలియా, ఒకరు కెనడా, ఎక్కువమంది అమెరికా. అందరి ప్రశ్నా ఒకటే. మా ముత్తాత ఏ ఊరి నుంచి ఓడెక్కాడు? 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది. ఆ తర్వాతి కొన్నేళ్ల కరువులో దాదాపు 10 లక్షల మంది చచ్చిపోయారు. ఇంకో 10 లక్షల మందికి పైగా దేశం వదిలారు. అట్లా పోయినవాళ్ల మునిమనవలు వీళ్లు.

వాళ్ల పేర్ల కథ విని ఉలిక్కిపడ్డాను. ఐరిష్‌లో 'మాక్' అంటే కొడుకు, 'ఓ' అంటే మనవడు. ఇంగ్లీషు వాళ్ల పాలనలో చాలా పేర్ల ముందు నుంచి ఆ కొడుకూ మనవడూ రాలిపోయారు. మెక్‌గోవన్ అంటే కమ్మరి కొడుకు. కొన్నిచోట్ల వాడు స్మిత్ అయిపోయాడు. స్మిత్ అంటే ఇంగ్లీషులో కమ్మరే. పని మిగిలింది, కొడుకు పోయాడు. అన్న పేరొకలా తమ్ముడి పేరొకలా రాసుంటే కంగారుపడొద్దన్నారు. రాసేవాడి చెవికి ఎలా వినబడితే అలా రాశాడన్నారు. ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ వెతకమన్నారు. నా మూడు పేర్లూ గుర్తొచ్చాయి. అక్కడ అది వెతికేవాడికి పాఠం. ఇక్కడ నా మీద అనుమానం.

ఆ తర్వాత అగ్గి సంగతి చెప్పారు. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ ఆవరణలోని రికార్డుల ఆఫీసు పేలి కాలిపోయింది. ఏడు వందల ఏళ్ల కాగితాలు. 1821 నుంచి 1851 దాకా పదేళ్లకోసారి తీసిన నాలుగు జనాభా లెక్కలూ చాలావరకు బూడిదయ్యాయి. ఆ తర్వాతి నాలుగు లెక్కల్ని సర్కారే అంతకుముందు నాశనం చేయించింది. ఇంటింటి వివరాలతో నిండుగా మిగిలినవి 1901, 1911 లెక్కలు. ఆ కాగితాలు తెర మీద చూపించారు. పేరు, వయసు, మతం, చదువొచ్చా, ఐరిష్ భాషొచ్చా. వాటిని పంచి, మళ్లీ పోగుచేసింది పోలీసులు. 1911లో పెళ్లయిన ఆడవాళ్లను ఇంకో మాట కూడా అడిగారు. ఎంతమందిని కన్నావు? ఎంతమంది బతికున్నారు? ఆ రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటాయి.

ఇంత కాలిపోయాక ఏం దొరుకుతుంది? అక్కడే నేను నిటారుగా కూర్చున్నాను.

1909 నుంచి 70 ఏళ్లు దాటిన పేదలకు పింఛనిచ్చారు. వయసుకు రుజువు కావాలి. దేశమంతటా పుట్టుకలు రిజిస్టరు చేయడమే 1864లో మొదలైంది. ముసలాళ్ల దగ్గర ఏముంటుంది? మా వయసు 1841, 1851 లెక్కల్లో చూడండని అర్జీలు పెట్టుకున్నారు. గుమాస్తాలు వెతికి, దొరికింది ఆ కాగితాల మీదే రాశారు. తర్వాత లెక్కలు కాలిపోయాయి. వెతికిన కాగితాలు మిగిలాయి. కాలిపోయిన లెక్కల్లోని కొన్ని ఇళ్లు ఇవాళ తెలుస్తున్నాయంటే అది పింఛను కోసం చెయ్యి చాచిన ఆ ముసలాళ్ల చలవే.

ఇంకో దారీ ఉండేది. 1839 జనవరి 6 రాత్రి ఐర్లండును పెనుగాలి ఊపేసింది. 'పెద్దగాలి రాత్రి' అంటారు. ఆ గాలి నాకు గుర్తుందని చెబితే, పింఛను అధికారులు దాన్నీ వయసుకు ఆధారంగా తీసుకునేవారట. కరువులో వాళ్లను చావుకొదిలేసిన సర్కారే ముసలావిడ నోటిమాటను నమ్మింది.

అమ్మీ గుర్తొచ్చింది. "ఉప్పెనొచ్చినప్పుడు నువ్వు చంకలో ఉన్నావు" అంటుంది. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. నా పుట్టుకకు నిజమైన రుజువు అదొక్కటే. సర్టిఫికెట్లో ఉన్న జూలై 1, బడిలో వాళ్లకు తోచి వేసిన తేదీ. మా అమ్మీ ఉప్పెనను ఏ ఆఫీసు లెక్కలోకి తీసుకుంటుంది?

2019 ఆగస్టులో అస్సాం పౌర జాబితా వచ్చింది. 19 లక్షల మందికి పైగా పేర్లు అందులో లేవు. ఆ చలికాలం మా వీధిలో ట్రంకుపెట్టెలన్నీ తెరుచుకున్నాయి. దాదా ఎప్పుడు పుట్టాడు? ఎక్కడ పుట్టాడు? ఏ కాగితముంది? దాదా కూలికెళ్లాడు. పొలాల్లో ఉన్నాడు, కాగితాల్లో లేడు. అమ్మీ నాలుగు రోజులు సరిగా అన్నం తినలేదు.

తెర మీద వాళ్లూ కాగితాలే వెతుకుతున్నారు. ముత్తాత దొరక్క కళ్లు తుడుచుకుంటున్నారు కూడా. కానీ దొరక్కపోయినా రేపు వాళ్ల ఇల్లు వాళ్లదే, వాళ్ల ఓటు వాళ్లదే. అగ్గి పడిన నూరేళ్లకు, 2022లో, కాలిపోయిన రికార్డుల నకళ్లను దేశదేశాల నుంచి పోగేసి ఆ ఆఫీసును కంప్యూటర్లో మళ్లీ నిలబెట్టారు. ఖర్చు సర్కారు పెట్టుకుంది. కాగితం పోతే వెతకడం తన పనని ఒక దేశం అనుకుంది. కాగితం లేకపోవడం మనిషి నేరమని అనుకోలేదు.

సదస్సు చివర ఒకావిడ సలహా చెప్పింది. ముందు రికార్డుల దగ్గరకు పోవద్దు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల పక్కన కూర్చోండి. వాళ్లు చెప్పింది రాసుకోండి.

ఆ వారమే ఊరెళ్లాను. నోటుపుస్తకం తీశాను.

"అమ్మీ, దాదా వాళ్ల అబ్బా పేరేంటి?"

ఏరుతున్న బియ్యం చాట పక్కన పెట్టింది. మొహం చిన్నబోయింది.

"మళ్లీ ఎవరన్నా అడిగారా బేటా?"

"లేదమ్మీ. నేనే అడుగుతున్నా."

కాసేపు నా మొహంలోకి చూసింది. నమ్మాక, "రాసుకో" అంది.