కాపీ కొడితే పని చెయ్యని కోడు

మా పిన్నివాళ్ళది అచ్యుతాపురం. వాళ్ళబ్బాయి అక్కడి సెజ్‌లో షిఫ్టు డ్యూటీ చేస్తూ, రాత్రిళ్ళు పైథాన్ నేర్చుకుంటున్నాడు. వాడికోసం నలభై పేజీల నోట్సు లేటెక్‌లో తయారుచేసి పీడీఎఫ్ పంపాను. రంగురంగుల కీవర్డులు, పక్కన లైన్ నంబర్లు... చూసుకుని నాకు నేనే మురిసిపోయాను.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు "ఎంతదాకా వచ్చిందిరా?" అని అడిగా. వాడు కాసేపు నసిగి, "మానేశానన్నయ్యా. నువ్విచ్చిందే కాపీ చేసి పెట్టినా ఎర్రరే వస్తోంది. ఈ చదువు నాకు అబ్బదులే" అన్నాడు.

నా ముందే చేసి చూపించమన్నాను. చూశాక సిగ్గేసింది. తప్పు వాడిది కాదు, అచ్చంగా నాదే!

నేను టైప్ చేసింది నిలువు కోట్ ('). అచ్చులో అందంగా వంగిన కోట్ (’) అయింది. మన కంటికి రెండూ ఒకటే, పైథాన్‌కి మాత్రం వేరు వేరు అక్షరాలు. మామూలు వాక్యం మధ్యలో రాసిన కమాండ్‌లో రెండు హైఫన్లు (--) కలిసిపోయి ఒక పొడుగు గీత (–) అయ్యాయి. లైన్ నంబర్లు కూడా కోడుతోపాటే వచ్చేశాయి. అన్నిటికంటే ఘోరం, లైన్ల ముందుండే ఖాళీలు ఎగిరిపోయాయి. పైథాన్‌లో ఆ ఖాళీలే కదా ప్రాణం!

1993లో అడోబీ పీడీఎఫ్‌ని తెచ్చింది పేజీ ఎక్కడ తెరిచినా ఒకేలా కనబడాలని. అందులో ఏ అక్షరం బొమ్మ ఎక్కడ గీయాలో ఉంటుంది. ఖాళీ అనేది చాలాసార్లు ఉత్త దూరమే, అక్షరం కాదు. ఇది తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. యూనికోడ్ కాని పాత ఫాంట్లతో చేసిన తెలుగు పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి చూడండి, పిచ్చి గీతలొస్తాయి. అప్పుడు తిట్టుకున్న నేనే, కోడు విషయంలో అదే పని చేశాను.

ఇంటికొచ్చి సరిచేశాను. లిస్టింగ్స్ ప్యాకేజీలో అప్‌కోట్, కీప్‌స్పేసెస్ ఆన్ చేసి, కాలమ్స్‌ని ఫుల్‌ఫ్లెక్సిబుల్ చేశా. కమాండ్లన్నీ వాక్యాల్లోంచి తీసి విడిగా పెట్టా. లైన్ నంబర్లు పీకేశా. అయినా ముందుండే ఖాళీలు కొన్ని వ్యూయర్లలో పోతూనే ఉన్నాయి. అందుకని ప్రతి ఉదాహరణనీ విడి ఫైలుగా కూడా పంపాను. పంపేముందు పీడీఎఫ్ నుంచి ఒక్కొక్కటీ కాపీ చేసి నడిపి చూశాను. మొదటిసారే చెయ్యాల్సిన పని అది.

అనుభవమున్నవాడు వంకర కోట్ చూడగానే పట్టేస్తాడు. కొత్తగా నేర్చుకునేవాడు తనకే బుర్ర లేదనుకుంటాడు. నా బద్ధకానికి వాడు తనని తాను తిట్టుకున్నాడు, అదీ నా బాధ.

వాడు మళ్ళీ మొదలెట్టాడు. మొన్న ఫోన్ చేసి "లూప్ తిరిగిందన్నయ్యా!" అన్నాడు. మీరు రాసిన ట్రైనింగ్ మాన్యువల్ ఏదైనా ఉంటే, ఇవాళ ఒక్క పేజీ కాపీ చేసి నడిపి చూడండి.