పసుపు కుంకుమ ఎకరం

చందర్లపాడు, 2025 నవంబర్ 16

మిరప తోటకు నీళ్లు కట్టి వచ్చేసరికి అమ్మాయి ఫోన్. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో అద్దెకివ్వడానికి ఇల్లు చూశారట. ఎల్‌ఎల్‌సీ పెట్టి దాని పేరున కొంటారట. అద్దెకున్నవాళ్లు మెట్ల మీద జారిపడి కేసు వేసినా, కంపెనీ ఆస్తి దాటి వీళ్లుంటున్న ఇంటిదాకా రాకుండా. ఇన్సూరెన్స్ మాత్రం మానొద్దన్నాను.

నవంబర్ 18

ఆ ఇంటికి పెట్టే డబ్బులో సగం పైన అమ్మాయిదే. పెళ్లికి పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరం, ఏటూరు దారిలో నల్లరేగడి చేను. విదేశాల్లో ఉన్నవాళ్లు మన పొలం కొనకూడదు గానీ, తమకున్నది ఇక్కడివాళ్లకు అమ్ముకోవచ్చు. పోయినేడు అమ్మాం. డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడి, ఆడిటర్ కాగితాలతో అక్కడికి చేరింది.

నవంబర్ 21

టెక్సాస్‌లో పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరికీ ఉమ్మడి. అలాంటి రాష్ట్రాలు తొమ్మిది. అక్కడ భార్యాభర్తలే సభ్యులై, ఎల్‌ఎల్‌సీ మొత్తం ఉమ్మడి ఆస్తి అయితే, దానికి వేరే రిటర్ను అక్కర్లేదు. తమ రిటర్నులోనే షెడ్యూల్ ఈలో అద్దె చూపుకోవచ్చు. 2002లో అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చిన వెసులుబాటు. కాదంటే భాగస్వామ్యం కింద ఫారం 1065, చెరొక కె-1, మార్చి 15 గడువు, ఏటా అకౌంటెంటు ఖర్చు. అల్లుడుగారు మొదటిదే మేలంటున్నారు.

నవంబర్ 23

నిద్ర పట్టలేదు. పుట్టింటివాళ్లిచ్చింది టెక్సాస్‌లోనూ భార్య సొంతమే. దాని మీద వచ్చే అద్దె ఉమ్మడి, అసలు ఆమెది. ఏది ఎవరిదో గట్టి రుజువు చూపలేకపోతే అంతా ఉమ్మడి కిందే కడతారు. అమ్మాయి వాటా సొంతమని రాస్తే ఆ వెసులుబాటు పోతుంది. వెసులుబాటు కావాలంటే ఎకరం ఉమ్మడిలో కలవాలి. అల్లుడుగారు మంచివాడు. అయినా నాకు ఒప్పుదల కాలేదు.

నవంబర్ 26

చెల్లెలు గుర్తొచ్చింది. తన పెళ్లి 1983లో. రామారావుగారి ప్రభుత్వం ఆడపిల్లలకు తెచ్చిన వాటా, 1985 సెప్టెంబర్ 5కి ముందే పెళ్లయినవాళ్లకు అందలేదు. నాన్న ఇచ్చిన అరెకరం అమ్మి, అత్తారి ఊళ్లో బావ పేరున చేను కొన్నారు. బావ పోయాక మరుదులు అదంతా ఉమ్మడన్నారు. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపడానికి చెల్లెలి చేతిలో చీటీ ముక్క లేదు. ఇప్పటికీ ఆ చేలో పత్తి విరగ్గాస్తుంది. చెల్లెలు అటు వెళ్లదు.

నవంబర్ 30

అమ్మాయికి గట్టిగానే చెప్పాను. ఆపరేటింగ్ అగ్రిమెంటులో ఎవరెంత పెట్టారో, ఎక్కడి డబ్బో రాయించమన్నాను. ఇంకొకటి: ఇల్లు సొంత పేర్లతో లోను మీద కొని తర్వాత ఎల్‌ఎల్‌సీకి మారిస్తే, బ్యాంకు బాకీ మొత్తం ఒక్కసారే కట్టమనొచ్చు. 1982 నాటి అక్కడి చట్టం భార్య పేరుకు మారిస్తే కాపాడుతుంది, కంపెనీకి మారిస్తే కాపాడదు. ముందే బ్యాంకును అడిగి, ఒప్పుకుంటే రాతపూర్వకంగా తీసుకోమన్నాను.

డిసెంబర్ 4

అల్లుడుగారే ఫోన్ చేశారు. “మావయ్యగారూ, తన వాటా తన సొంతమనే రాయిద్దాం. ఆ 1065 ఏదో ఏటా వేసుకుంటాం.” లాయరుకి మన గిఫ్ట్ డీడ్, సేల్ డీడ్ నకళ్లు, ఇంగ్లిషు అనువాదంతో కావాలట. రేపు పొద్దున్నే నందిగామ రిజిస్ట్రారాఫీసుకి వెళ్లాలి. ఈసీ కూడా తీయించాలి.