రెండు సిరాల ముగ్గు

గోదావరిఖని చౌరస్తా దగ్గర ఒక సందులో ఉంది ఆ స్క్రీన్ ప్రింటింగ్ దుకాణం. నేను వెళ్లేసరికి మొదటి షిఫ్టు దిగి వచ్చిన ఒక బొగ్గుబాయి కార్మికుడు కూతురి పెండ్లి కార్డులో తప్పులు దిద్దుకుంటున్నాడు.

నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నది మెలిక ముగ్గు. గీసింది నేను రాసిన ప్రోగ్రామ్. చుక్కల నడుమ గీత దాటిపోవాలా, వెనక్కి తిరగాలా అన్నది ప్రతిచోటా కంప్యూటర్ చీటీ తీసినట్టు తేల్చుకుంటుంది. ముగ్గుకు వ్యాకరణం రాయొచ్చని మద్రాసులో గిఫ్ట్ శిరోమణి అనే పరిశోధకుడి బృందం 1974లోనే చూపించింది.

"ఎన్ని కలర్లు సారూ?" అన్నాడు దుకాణం అన్న.

కంప్యూటర్ తెర మీద 1,67,77,216 రంగులు. ఇక్కడ రంగుకొక ఫ్రేము. రెండే అన్నాను: పసుపు, నీలం. రెండూ కలిసినచోట ఆకుపచ్చ దానంతటదే వస్తుందని నా ఆశ.

రంగుల బొమ్మ ఆయనకు అక్కరలేదు. రంగుకొకటి చొప్పున రెండు నల్ల బొమ్మలు ఫిల్మ్ మీద కావాలి. బట్ట బిగించి మందు పూసి ఆరబెట్టిన ఫ్రేము మీద ఫిల్మ్ పెట్టి లైటు వేశాడు. వెలుగు తగిలిన మందు గట్టిపడింది. నలుపు కింద దాగినది నీళ్లు కొట్టగానే కరిగిపోయి, బట్టలో నా ముగ్గు తెరుచుకుంది. ఆ క్షణం నాకు ఒళ్లు పులకరించింది.

ముందు పసుపు కొట్టాడు. "ఆరినంకనే రెండోది. తొందరపడితే అలుక్కపోతది." నీలం కొట్టాక చూస్తే ఆకుపచ్చ జాడే లేదు. చిక్కటి నీలం పసుపును మింగేసింది. అన్న ఆ సిరాలో రంగులేని మీడియం కలిపి పలచన చేశాడు. మళ్లీ కొడితే ఆకుపచ్చ తేలింది.

చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన ముద్రణ కళాకారుడు కృష్ణారెడ్డి పారిస్‌లో సాధించినదీ సిరా చిక్కదనం మీద పట్టే. ఒకే లోహపు పలక మీద వేర్వేరు చిక్కదనాల సిరాలు పరిచి, ఒక్క ఒత్తుతో పలు రంగులు తెచ్చాడాయన.

ఇంకో లోపం మిగిలింది. కాగితం వెంట్రుకవాసి జరిగినా పసుపు నింపిన గడులకు, వాటిని ఆనుకున్న నీలి గీతకు మధ్య తెల్లటి సందు కనబడుతోంది. "పసుపును కొంచెం బయటికి గుంజు. గీత కిందికి పోవాలె," అన్నాడు. ఆ మాట నాకు కోడ్‌లో ఒక్క వరుస. పసుపు గడులు గీత సగం దాకా పెరిగాయి, సందు మాయమైంది.

ప్రోగ్రామ్‌తో బొమ్మలు గీసే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, ఒక్కసారి దగ్గర్లోని స్క్రీన్ ప్రింటింగ్ దుకాణానికి పంపండి. రంగుకొక నల్ల బొమ్మ విడదీసి తీసుకెళ్లమనండి.